రాయనీలా సార్

నెల్లూరు తీరంలో ఒక పాలెం పిల్లలకు నేను లెక్కలు చెబుతాను. 2021లో పదో తరగతి పాసైన వాళ్ళను ఇక్కడ ఇప్పటికీ 'కరోనా బ్యాచ్' అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. వాళ్ళలో ఒకమ్మాయి నాతో అంది, "మేం రాయలా అనుకుంటారు సార్ అందరూ. మమ్మల్ని రాయనీలా."

ఆ ఏడాది పదో తరగతికి బడి తలుపులు తెరిచింది 2020 నవంబరు 2న. అదీ రోజు విడిచి రోజు. అంతవరకూ సప్తగిరి ఛానెల్లో పాఠాలు, ఫోన్లో పాఠాలు. పాలెంలో ఫోనంటే ఇంటికొకటి, అది నాన్నది. నాన్న వేటకు పోతే ఫోనూ ఆయన వెంటే పోతుంది. ఒడ్డుకొచ్చాక చేపలు కొనేవాళ్ళ ఫోన్లు. వాటి మధ్య సందు దొరికినప్పుడే ఆ అమ్మాయి చదువు. ఇసుకలోకి లాగిపెట్టిన పడవ మీదికెక్కి కూర్చుంటే తప్ప సిగ్నల్ అందేది కాదు. బడి తెరిచాక త్రికోణమితి నోట్సు తెచ్చి చూపించింది. పేజీల మధ్య ఇసుక. ఒక పేజీకి చేప పొలుసు అతుక్కుని, ఎండి, అద్దంలా మెరుస్తోంది. దాని కిందున్నది లైట్‌హౌస్‌కీ పడవకీ మధ్య దూరం కట్టే లెక్క. ఎక్కడా తప్పులేదు.

మగపిల్లలు కొందరు రొయ్యల గుంటల కాపలాకు పోయారు. శాతాలంటే బిక్కమొహం వేసేవాడొకడు, రొయ్య బరువు చూసి రోజుకెంత మేత వెయ్యాలో నోటిలెక్కన చెప్పడం నేర్చుకున్నాడు. అదీ చదువేనని ఒప్పుకుంటాను. కానీ వాడు మళ్ళీ బడి మెట్లెక్కలేదు. అందుకే ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

నవంబరు చివర్లో నివర్ తుపాను వానలు కొన్ని రోజులు మింగేశాయి. మిగిలిన రోజుల్లో పిల్లలు మాస్కుల వెనక నుంచే గట్టిగా ఎక్కాలు అప్పజెప్పారు, మోడల్ పేపర్లు చేశారు. పేపర్లు పదకొండు కాదు, ఏడే అన్నారు. జూన్ 7 నుంచి పరీక్షలన్నారు. అంతలో కరోనా రెండో అల వచ్చింది. మే నెలలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం జనం కృష్ణపట్నం దారి పట్టారు. పరీక్షలు వాయిదా పడ్డాయి. అది వేట నిషేధ కాలం, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. "పడవలకైనా జూన్ 14 అని గడువుంది సార్, మాకు అదీ లేదు" అన్నాడొకడు. వాడికేం చెప్పాలో తోచలేదు.

ఒక్క ప్రాణం పోయినా బాధ్యత రాష్ట్రానిదేనని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, జూన్ 24న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసింది. ఆ నిర్ణయం సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఆ వేసవిలో నా తరగతిలోనే ఇద్దరు పిల్లలకు తండ్రులు లేకుండా పోయారు. కానీ పిల్లల ప్రాణం కాపాడినవాళ్ళం, వాళ్ళ కష్టానికి పేరు మాత్రం మిగల్చలేదు. అంతర్గత పరీక్షల మార్కులు చూసి ఆగస్టులో గ్రేడ్లిచ్చారు. "ఊరికే పాసయ్యారు" అనే మాట ఆ మెమోతోపాటే ఇంటింటికీ చేరింది.

ఆగస్టు 16న బడులు మళ్ళీ తెరిచాక, ఒక సాయంత్రం ఆ అమ్మాయి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో పరీక్ష అట్ట. ఫిబ్రవరిలోనే కొన్నదట. క్లిప్పు ఉప్పుగాలికి తుప్పుపట్టింది కానీ పైన ప్లాస్టిక్ కవరు తియ్యలేదు.

"లెక్కల పేపరియ్యండి సార్, రాస్తాం."

"పాసైపోయారు కదమ్మా, ఇప్పుడెందుకు?"

"మాకు కావాల సార్."

మోడల్ పేపరొకటి వెతికిచ్చాను. ఖాళీ తరగతి గదిలో బెంచికొకరు కూర్చున్నారు. చీకటి పడితే లైటేశాను. ముగ్గురిలో ఎవరూ టైం అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు దిద్ది ఇచ్చాను. ఆ అమ్మాయికి 83. కాసేపు పేపరు తిప్పితిప్పి చూసుకుని, మార్కుల పక్కన వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ సంతకం పెట్టండి సార్. తేదీ కూడా."