రూపాయి బిళ్ల

నల్లగొండ జిల్లాలో ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నా సొరుగులో ఎప్పుడూ ఒక రూపాయి బిళ్ల ఉండేది. నడుము నొప్పని వచ్చినవాళ్ల ముందు దాన్ని నేల మీద వేసి తీయమనేవాణ్ని. నలభై దాటని ఒక రైతు దాన్ని తీసిన తీరు ఇంకా కళ్లముందే ఉంది. నడుము వంగలేదు. తలుపు చెక్కలాంటి వీపుతోనే మోకాళ్ల మీద కిందికి దిగి, చేత్తో తడుముకుని తీశాడు. మెడా తిరగదు. నన్ను చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. "వంగరాదు సారు, కొయ్య లెక్క అయిన" అని నవ్వాడు. గార పళ్లు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సుద్దలా తెల్లగా ఉన్నాయి.

నీళ్లే కారణమని ఊరందరికీ తెలుసు. అక్కడి గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. 1937లోనే షార్ట్ అనే డాక్టరు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును గుర్తించి రాశాడు.

నన్ను తికమక పెట్టింది ఆయన కొడుకు. పన్నెండేళ్లవాడు. వీపు బాగానే వంగుతుంది గానీ, మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మోకాళ్లు ఆనించి నిలబెడితే మడమల మధ్య జానెడు ఎడం. అదే బోరు నీళ్లు తాగే పక్కింటి పిల్లాడికి గార పళ్లు తప్ప మరేమీ లేదు. వాళ్లింట్లో రోజూ పెరుగుంటుంది. ఒకటి రెండు ఇళ్లు చూసి తేల్చే సంగతి కాదనుకోండి.

"ఏం తింటవు బిడ్డా?" అంటే, "జొన్న గటక" అన్నాడు.

పదేళ్ల నుంచి యవ్వనం దాకా ఉన్న పిల్లల్లో ఈ మోకాళ్ల వంకరను 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి వర్ణించారు. అన్నం తిన్నప్పటికంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందని ఆ తర్వాత అదే సంస్థలో తేలింది. తిండిలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుని బయటికి పంపేస్తుంది. లేకపోతే ఎదిగే ఎముక బలి. ఇప్పుడు షుగరు పేషెంట్లకు జొన్నరొట్టె తినమని చెప్పేదీ నేనే! తప్పు గింజది కాదు. ఆ నీళ్లకు తోడై, పాలచుక్క లేని కంచంలో పడడమే దాని తప్పు.

"బర్రె ఉందిగా, రోజూ గ్లాసెడు పాలు పొయ్యమ్మా" అన్నాను తల్లితో.

ఆమె కొడుకు కాళ్ల వంక, నా చీటీ వంక చూసింది.

"పాలు కేంద్రంల పోస్తం సారు. ఈనికి పోస్తే బర్రె అప్పు ఎట్ల కట్టాలె?"