ఉరితీసిన ఊళ్లో... ఓ ప్రేమకథ!

అమెరికాలోని చార్లెస్టన్‌లో ఆష్లీ, కూపర్ నదులు కలిసేచోట ఉంది వైట్ పాయింట్ గార్డెన్. ఓక్ చెట్ల నీడ, పాత ఫిరంగులు, చల్లటి గాలి... పిల్లలతో సాయంత్రం గడపడానికి చక్కటి చోటు. అక్కడే ఓ రాతిఫలకం స్టీడ్ బోనెట్ అనే సముద్రపు దొంగను గుర్తుచేస్తుంది.

బార్బడోస్‌లో తోటల ఆసామి అతను. 1717లో భార్యాబిడ్డల్ని వదిలేసి, సొంత డబ్బుతో ఓడ సమకూర్చుకుని, మనుషులకు జీతాలిచ్చి మరీ దొంగయ్యాడు! పేరుమోసిన బ్లాక్‌బియర్డ్‌తో జతకట్టాడు. ఆ స్నేహితుడే మర్నాటి ఏడాది అతని ఓడను దోచుకుని వెళ్లిపోయాడు. 1718 నవంబరు 22న బ్లాక్‌బియర్డ్ పోరులో చనిపోయాడు. డిసెంబరు 10న బోనెట్‌ను ఈ ఊళ్లోనే ఉరితీశారు.

'అవర్ ఫ్లాగ్ మీన్స్ డెత్' సీరియల్ (2022-23) ఆ ఇద్దరినీ ప్రేమికుల్ని చేసింది. రైస్ డార్బీ, తైకా వైటీటీ నటించిన ఈ కామెడీలో నవ్వంతా బోనెట్ చేతగానితనం మీదే. ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద కాదు. అందుకే అది మనసును తాకుతుంది. రెండు సీజన్లు, 18 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది. చివర్లో ఇద్దరూ దొంగతనం మాని, ఓ పాతింట్లో సత్రం నడుపుకోవాలని తీరాన ఉండిపోతారు.

ఫలకం చెప్పేది ఉరి, సీరియల్ చెప్పింది ఇల్లు. నిజమేదో తెలిసినా, మనసు సత్రం వైపే మొగ్గుతుంది!