పదహారో నంబరు రాయి

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. కాని ఒక పాఠం మాత్రం నా క్లాసులోని కుర్రవాడి దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. ఆ సంగతి చెబుతాను.

2014లో నేను నెల్లూరు సముద్రతీరాన ఒక పల్లె హైస్కూలులో హెడ్మాస్టరుగా ఉన్నాను. సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారు సెలవులో ఉండటంచేత, ఆ నెలంతా ఎనిమిదో తరగతికి నేనే వెళ్ళాను. ఒకనాడు, "నెల్లూరు మీదుగా చెన్నై పోయే జాతీయ రహదారి నంబరెంత?" అని అడిగాను.

వెనక బెంచీలోనుంచి ఒకడు చెయ్యి ఎత్తి, "పదహారు, సార్!" అన్నాడు.

"తప్పు. అయిదు!" అన్నాను.

"మా నాయన రొయ్యల లారీ తోల్తాడు, సార్. ఆయనతో పొయ్యినప్పుడు చూసినా. రాయి మీద పదహారనే ఉండాది," అన్నాడు వాడు.

"నువ్వు పుట్టకముందునుంచీ నేను ఆ రోడ్డుమీద తిరుగుతున్నాను. కూచో!" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. వాడు తలవంచుకుని కూచున్నాడు. ఆ తరవాత నేను ఏమి అడిగినా వాడి చెయ్యి పైకి లేవలేదు.

రెండు వారాలకు పనిమీద కావలి వెళుతూ బస్సు కిటికీలోనుంచి చూశాను. రోడ్డుపక్కన పసుపుపచ్చని తలగల కిలోమీటరు రాయి. దానిమీద 16! తరవాతి రాయిమీదా 16! నాకు చెప్పలేనంత సిగ్గు వేసింది.

విచారిస్తే తెలిసింది. 2010లో కేంద్రప్రభుత్వం జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చింది. కొత్త పద్ధతిలో నంబరే దిక్కు చెబుతుంది. ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రోడ్లకు సరిసంఖ్యలు. తూర్పునుంచి పడమటికి పోయినకొద్దీ అవి పెరుగుతాయి. అందుకే తూర్పుతీరాన మన కలకత్తా–చెన్నై రోడ్డు 16. దేశం నడుమగా శ్రీనగర్ నుంచి హైదరాబాదు, కర్నూలు మీదుగా కన్యాకుమారి పోయేది 44. పడమటితీరాన ఉన్నది 66.

తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు. ఇవి ఉత్తరంనుంచి దక్షిణానికి పెరుగుతాయి. మచిలీపట్నం చేరేది 65. దానికి దక్షిణంగా మన కృష్ణపట్నం రేవు చేరేది 67.

మూడంకెలుంటే అది కొమ్మరోడ్డు. చివరి రెండంకెలూ తల్లిరోడ్డువి. కత్తిపూడి దగ్గర 16ను విడిచి, కాకినాడ, మచిలీపట్నం మీదుగా వచ్చి, ఒంగోలు దగ్గర మళ్ళీ 16లో కలిసే రోడ్డు 216.

మర్నాడు క్లాసులో అందరి ఎదుటా, "అబ్బయ్యా, నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది. కళ్ళారా చూసి చెప్పినవాణ్ణి నవ్వులపాలు చేశాను," అన్నాను. తరవాత గోడకు దేశపటం తగిలించి, ఈ పద్ధతి వివరించాను.

వాడు కొంచెంసేపు పటంకేసి చూశాడు. మెల్లిగా వాడి చెయ్యి లేచింది.

"మరి ఆ అయిదో నంబరు ఇప్పుడు ఏ రోడ్డుకిచ్చినారు, సార్?"

"నాకూ తెలియదు. నువ్వే ఆలోచించి చెప్పు," అన్నాను.

"అయిదు బేసిసంఖ్య. అంటే తూర్పు పడమరల రోడ్డు. చిన్న సంఖ్య కాబట్టి ఉత్తరాన పైన ఎక్కడో ఉండాల," అన్నాడు వాడు.

ఆ సాయంత్రం వెదికి చూశాను. పంజాబులోని ఫిరోజ్‌పూర్‌నుంచి చండీగఢ్, సిమ్లాల మీదుగా హిమాలయాల్లోకి పోయే రోడ్డే ఇప్పుడు 5!

పిల్లలూ, ఈసారి ప్రయాణంలో మీరూ కిలోమీటరు రాయి చూడండి. దాని నంబరునుబట్టి ఆ రోడ్డు ఎటునుంచి ఎటు పోతుందో ఊహించండి. ఆ తరవాతే పటం తెరవండి. పెద్దవాళ్ళు చెప్పినదానికీ, మీరు చూసినదానికీ తేడా వస్తే, చెయ్యి ఎత్తడానికి మాత్రం వెనకాడకండి.