వణుకు కంటే ముందు వచ్చేవి

పార్కిన్సన్స్ వ్యాధిని ‘వణుకుడు జబ్బు’ అని పిలుచుకోవడంలోనే, దానిని ఆలస్యంగా గుర్తించడానికి సగం కారణం ఉంది. చెయ్యి వణికితే జబ్బు, వణకనంతవరకు వయసు అనే లెక్క ఇళ్లలోనే కాదు, కొన్నిసార్లు వైద్యుల గదుల్లోనూ నడుస్తుంది. మధ్యమెదడులో రంగును బట్టి నల్లపదార్థం అనే పేరు వచ్చిన చిన్న ప్రాంతం ఒకటి ఉంది. కదలికలను సాఫీగా నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే అక్కడి కణాలు ఏళ్ల తరబడి నశించి, వాటిలో పెద్ద భాగం పోయిన తరువాతే శరీరంలో తేడా కనబడుతుంది. ఆ తేడాలో ప్రధానమైనది వణుకు కాదు, కదలికలు మందగించడం. సుమారు నాలుగో వంతు రోగుల్లో మొదట్లో వణుకే ఉండదు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని ఆధారం చేసుకుని (వారిలో కొందరు ఆయనకు వీధిలో తారసపడినవారే) ఈ జబ్బును వర్ణిస్తూ, అది ఎంత మెల్లగా దిగుతుందంటే ఎప్పుడు మొదలైందో రోగికే గుర్తుండదని రాశాడు. అయినా ఆయన దానికి వణుకు పేరే పెట్టాడు. తరువాత ఫ్రాన్సులో నరాల వైద్యుడు షార్కో, వణుకు లేని రోగులూ ఉన్నారు కనుక ఆ పేరు తగదని, పార్కిన్సన్ పేరుతోనే పిలవాలని వాదించి నెగ్గాడు. జనం వాడుకలో మాత్రం ఆయన ఇంకా నెగ్గలేదు.

అరవై దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కుడి భుజం పట్టేసిందని ఏడాదిపాటు ఎముకల వైద్యుని చుట్టూ తిరిగి, షుగరు ఉన్నవారికి భుజం పట్టేయడం మామూలే కనుక దానికే ఇంజెక్షన్లు వేయించుకుని, వ్యాయామాలు చేశారు. అసలు సంగతి బ్యాంకులో బయటపడింది: సంతకం కలవడం లేదని చెక్కు తిప్పి పంపారు. పాత సంతకం పక్కన పెట్టి చూస్తే, కొత్తదానిలో మొదటి రెండు అక్షరాలు మామూలుగా ఉండి, తరువాతివి ఒకదానికంటే ఒకటి చిన్నవై చివరకు ఒక గీతలోకి ముడుచుకుపోయాయి. వైద్యుడు బొటనవేలిని చూపుడువేలితో పదే పదే తట్టమన్నప్పుడు ఎడమచేతి వేళ్లు మొదటి నుంచి చివరి వరకు ఒకే వెడల్పున తెరుచుకోగా, కుడిచేతివి పదోసారికి దాదాపు అతుక్కుపోయాయి. రెండేళ్ల కిందటి కూతురి పెళ్లి వీడియోలో, విడిది నుంచి మండపానికి నడిచి వస్తున్న ఆయన ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అంటుకుని ఉంది. ఆ వీడియోను ఇంటిల్లిపాదీ ఎన్నోసార్లు చూశారు. వారి చూపు పెళ్లికూతురి మీద ఉండడం తప్పేమీ కాదు.

ప్రతి లక్షణానికీ ఇంట్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. తిరగమోతలో ఇంగువ వాసన తెలియకపోతే జలుబు, మలబద్ధకం వస్తే నీళ్లు తాగకపోవడం, నిద్రలో కేకలు వేసి కాళ్లు విసిరితే పీడకల, ముఖంలో కదలిక తగ్గితే అలక. ఇవి విడివిడిగా నిజంగానే చాలామందికి వచ్చేవి, ఏ ఒక్కదాన్ని చూసీ బెదరనక్కరలేదు. అయితే నిద్రలో కలను ఒంటితో ఆడించే ఆ అలవాటు కదలికల తేడాకు ఏళ్ల ముందే మొదలుకావచ్చు, దాని సంగతి చెప్పగలిగేది పక్కన పడుకునే భార్యే, ఆమెను అడిగే వైద్యులు తక్కువ.

ఇలాంటి లక్షణాలను పట్టించుకోకపోవడం వల్ల జరిగే నష్టం కొన్నిసార్లు మరో రకంగా ఉంటుంది. గ్యాసుకు వాడే లెవోసల్పిరైడ్, కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ వంటి మందులు నెలల తరబడి సాగితే, ముఖ్యంగా పెద్దవారిలో, డోపమిన్ పనిని అడ్డుకుని అచ్చంగా ఈ జబ్బులాగే మందగింపును తెచ్చిపెట్టవచ్చు. వైద్యుని సలహాపై ఆపితే చాలామందిలో అది కొన్ని నెలలకు తగ్గుతుంది. అసలు జబ్బును ఆపే మందు ఇప్పటికి లేదు, కానీ 1960ల నుంచి వాడుకలో ఉన్న లెవోడోపా ఆ ఉపాధ్యాయునికి తన గుండీలు తాను పెట్టుకునే శక్తిని తిరిగి ఇచ్చింది. భుజం నొప్పి కూడా చాలావరకు తగ్గింది. ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష వాడుకలో లేదు, మామూలు ఎం.ఆర్.ఐ. చాలాసార్లు బాగానే ఉంటుంది కనుక, వైద్యుని దగ్గరకు వెళ్లేవారు స్కానింగు ఫైలుతో పాటు వాడుతున్న మాత్రల అట్టలన్నిటినీ, పాత సంతకమున్న కాగితాన్ని, వీలైతే నడక కనబడే ఒక పాత వీడియోను తీసుకువెళ్లాలి.