పంటు డబ్బులు

కోనసీమకు వెళ్ళివచ్చి కొబ్బరిచెట్లను గురించి వ్రాయనివాడు లేడు. నేనూ వ్రాయగలను. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై యేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్పుకొంటున్నవాడికి ఆమాత్రం వర్ణన చేతకాకపోదు. కాని ఈసారి ప్రయాణంలో నేను కొబ్బరిచెట్ల కంటె పెట్రోలు బంకులనే ఎక్కువ శ్రద్ధగా చూడవలసి వచ్చింది. అందుకు కారణం మా మావయ్య.

మావయ్య హైస్కూలు మాష్టరుగా పనిచేసి, రిటైరయి, రాజోలులో వుంటున్నాడు. భీష్మ ఏకాదశికి ఆయన అంతర్వేది తీర్థానికి వెళ్ళని సంవత్సరం నా ఎరుకలో లేదు. అటువంటిది, ఈ ఏడు అత్తయ్య ఫోను చేసి, "మీ మావయ్య తీర్థానికి కూడా రానంటున్నారు బాబూ. రెండు నెలలుగా వీధి గుమ్మం దిగడం లేదు. నువ్వొకసారి వచ్చి వెళ్ళరాదూ?" అన్నది. ఆమె గొంతు బాగాలేదు. మా శ్రీమతినీ, ఇంటరు చదువుతున్న అమ్మాయినీ కారెక్కించుకొని రాజమండ్రిలో బయలుదేరాను.

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే కోనసీమలో అడుగు పెట్టినట్లే. అరటిగెలల లారీలను తప్పించుకొంటూ కొత్తపేట చేరేసరికి పెట్రోలు అడుగంటింది. బంకులో ఆపాను.

"జీరో చూసుకోండి బాబుగారూ, ఆయ్!" అన్నాడు కుర్రవాడు.

ఆ "ఆయ్" చెవిని పడితే చాలు, చల్లటి కొబ్బరినీళ్ళు తాగినట్లుంటుంది. నేను మాత్రం జీరో చూడలేదు. పర్సులో అయిదువందల నోటు ఎక్కడున్నదా అని వెతుక్కొంటున్నాను. తలెత్తేసరికి మీటరు సగం దాటింది. "సున్నా నుంచే మొదలయింది నాన్నా, నేను చూశాను" అని మా అమ్మాయి నా పరువు కాపాడింది.

నోట్లతో వచ్చే చిక్కు ఇదేనండీ. చూపు పర్సు మీద వుంటే మీటరు మీద వుండదు. మీటరు ఆగిన తరువాతనే డబ్బు తీయడం మంచిది. కొలత మీద అనుమానం వస్తే, 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకున్నది. ఇక నోటుకుండే గండాలు నోటుకున్నాయి. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, వాటిని కొన్నాళ్ళపాటు పుచ్చుకొన్నవి ఈ బంకులే. 2023 మే 19న 2000 నోటును వెనక్కు తీసుకొంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించగానే, జనం వందరూపాయల పెట్రోలుకు కూడా ఆ నోటే చాచారు. బంకులవాళ్ళు చిల్లర లేదు మొర్రో అన్నారు. అయితే నోటులో ఒక మేలు లేకపోలేదు. పోతే జేబులో వున్నంతే పోతుంది. ఈ మాట కాస్త జ్ఞాపకం వుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

బండారులంక మగ్గాల ఊరు దాటి అమలాపురం చేరాము. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది జిల్లా కేంద్రం. ఆ సందడి వీధుల్లో కనబడుతూనే వున్నది. కొత్తపేటలో పోయించింది అయిదువందలకే గనుక, ఇక్కడ ట్యాంకు నింపమన్నాను. ఈసారి ఫోనుతో చెల్లిద్దామని ఎదురుగా చూస్తే, "సెల్ ఫోను వాడరాదు" అని ఒక బోర్డు. దానికి కాస్త కిందుగా, స్తంభానికి అంటించిన క్యూఆర్ కాగితం! ఏ ఆజ్ఞ పాలించాలో తోచక ఫోను పైకెత్తాను.

"అక్కడ వద్దండీ. బండి పక్కకు తీసి, ఆఫీసు గదిలో బోర్డు వుంది, అది స్కాను చేయండి. మా బంకు పేరు వచ్చిందో లేదో చూసుకొని మరీ కొట్టండి" అన్నాడు అక్కడి కుర్రవాడు. అసలు కాగితం మీద మరొకడి కాగితం అంటించి పోయే ఘనులున్నారట. అందుకని బయటి కాగితాలను నమ్మవద్దని అతని సలహా.

సరే, గదిలోకి వెళ్ళి నొక్కాను. ఫోనులో చక్రం తిరుగుతూ వుండిపోయింది. "మళ్ళీ కొట్టండి" అని మా శ్రీమతి తొందరపెట్టింది. "వుండండమ్మా, రెండుసార్లు పోతుంది" అని కుర్రవాడే ఆపాడు. ఇటువంటప్పుడు మన ఖాతాలో సొమ్ము తరిగి వాళ్ళకు చేరకపోతే, 5 రోజుల్లోగా అది తిరిగి రావాలనీ, ఆలస్యమయితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ 2019లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. మాకు అంతదూరం పోలేదు. బల్లమీది పెట్టె సొమ్ము అందినదని పలికింది.

"ఈ పెట్టె పలికేదాకా ఎవరినీ పంపనండి. కోపగించుకోకండేం" అన్నాడు కుర్రవాడు. ఎవరో పెద్దమనిషి సొమ్ము చెల్లించినట్లు ఫోనులో దొంగబొమ్మ చూపించి వెళ్ళిపోతే, ఆ 1,500 ఇతని జీతంలో కోశారట. సొమ్ము భద్రమంటే మన భద్రమే అనుకొంటాము. పెట్రోలు పోసేవాడి భద్రం కూడా అందులో వున్నదని నాకు అప్పుడు తట్టింది.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయను దాటితే పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడ గ్యాసు బావి అంటుకొని 65 రోజులు మండింది. అప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. మావయ్య నన్ను సైకిలు మీద ఎక్కించుకొని వెళ్ళి, ఎంతో దూరం నుంచి ఆ మంట చూపించాడు. రాత్రి కొబ్బరాకుల నీడలు పట్టపగటిలా నేలమీద పడ్డాయి. ఆ పక్కనే నగరం. 2014 జూన్ 27న అక్కడ గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. ఆ దారిన పోతూ వుంటే, బంకులో పెట్రోలు పోసేచోట ఫోను తీయవద్దన్న బోర్డు చాదస్తమని అనాలనిపించలేదు.

తాటిపాక మీదుగా రాజోలు చేరేసరికి పొద్దు వాలింది. మావయ్య అరుగుమీద కూర్చొని వున్నాడు. చిక్కిపోయాడు. భోజనాలయినాక నేను మెల్లిగా కదిపితే, చాలాసేపటికి గాని నోరు విప్పలేదు.

రెండు నెలల కిందట అద్దెకారులో పొరుగూరికి వెళ్ళి వస్తూ, దారిలో ఒక బంకు దగ్గర కార్డు ఇచ్చాడట. కళ్ళజోడు సంచిలో వున్నది. దిగి మిషను దగ్గరకు వెళ్ళడానికి బద్ధకించి, కూర్చున్నచోటు నుంచే పిన్ నంబరు కేకవేసి చెప్పాడు. తిరిగి వచ్చిన కార్డు అదే బ్యాంకుది, అదే రంగు. పేరు మాత్రం వేరొకరిది. అది ఆయన మూడోనాడు గాని చూసుకోలేదు. అప్పటికే 14,000 పోయాయి.

"అప్పుడైనా బ్యాంకుకు చెప్పలేకపోయావా మావయ్యా?"

"ఏమని చెప్పనురా? ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, నడిరోడ్డు మీద నా పిన్ నేనే చదివానని చెప్పనా? రెండురోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండురోజుల్లో మరో పదివేలు పోయాయి."

అరుగుమీద అందరమూ మౌనంగా వుండిపోయాము. మన తప్పు లేకుండా మూడోవాడి వల్ల సొమ్ము పోయి, బ్యాంకు కబురందిన 3 పనిదినాల్లో మనం తెలియజేస్తే భారం మనమీద వుండదని 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. పిన్ మనమే చెప్పుకొంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినది మనదే. ఆ తరువాత పోయినది బ్యాంకుది. కనుక మొదటి 14,000 తీసుకొన్నవాడు దొంగ. తరువాతి పదివేలు తీసుకొన్నది సిగ్గు. అటువంటి గడియలో బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి, 1930 నంబరుకు ఫిర్యాదు చెప్పాలి. సిగ్గుపడేందుకు తరువాత బోలెడంత తీరిక వుంటుంది.

అప్పటినుంచీ ఆయన కార్డు ముట్టలేదు. 12,000 నోట్లు సంచిలో పెట్టుకొని, అది పోతుందేమోనని ఇల్లు కదలడం లేదు.

కాసేపాగి తనే అన్నాడు: "చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళేవాణ్ణి. మా నాన్న రానూపోనూ పంటు డబ్బులు మాత్రమే మొలలో కట్టేవాడు. నీళ్ళలో పడితే పంటు డబ్బులే పోవాలిరా, పొలం డబ్బులు పోకూడదు అనేవాడు. అది తెలిసిన నేను పెట్టె తాళంచెవే తీసుకువెళ్ళి బజార్లో ఒకడి చేతిలో పెట్టాను."

ఇంతకంటె చక్కని సూత్రం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. మరునాడు ఉదయం మావయ్యకు రెండో బ్యాంకులో వున్న చిన్న ఖాతాలోకి 2,000 పంపించి, ఫోనును దానికే జతచేశాము. పింఛను ఖాతాను ఫోనుకు తగిలించలేదు. కార్డు వాడకాన్ని కావలసినప్పుడు తెరిచి, అక్కరలేనప్పుడు మూసుకొనే వీలు 2020 నుంచి వున్నది. మా అమ్మాయి ఆ కిటుకు తాతయ్యకు నేర్పింది. 2021 జనవరి నుంచి 5,000 వరకు పిన్ లేకుండానే కార్డు తాకించి చెల్లించవచ్చును గనుక, ఆ దారి మూసేసింది. "ఇంకొకటి తాతయ్యా, పిన్ కొడితే మన డబ్బు పోవడమే గాని రావడం లేదు. డబ్బు వస్తుంది, పిన్ కొట్టమని ఎవడైనా అంటే వాడు దొంగే" అని కూడా చెప్పింది. మాష్టారు బుద్ధిగా తల ఊపాడు.

ఏకాదశినాడు కారు రాజోలు బంకులో ఆపాము. మావయ్య తనే దిగాడు. కళ్ళజోడు పెట్టుకొని సున్నా చూశాడు. మీటరు ఆగేదాకా నిలబడ్డాడు. తరువాత గదిలోకి వెళ్ళి, బంకు పేరు పైకి చదివి, 300 అంకె తనే కొట్టి, పిన్ నంబరుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టె పలికింది.

"వినబడిందా అబ్బాయీ?" అన్నాడు.

"వినబడిందండీ, ఆయ్!"

కారెక్కుతూ వుంటే అత్తయ్య నెమ్మదిగా అడిగింది: "నోట్ల సంచి ఏదండీ?"

"ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా దగ్గర పంటు డబ్బులే వున్నాయి" అన్నాడు మావయ్య. "పదరా, రథం కదిలే వేళవుతోంది."