మెత్తనిరాయి నేర్పే మెలకువ

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ బొగ్గును నమ్ముకొని బతుకుతున్న ఊరు. ఒకవైపు వేదపండితులకు పేరుగాంచిన మంథని, మరొకవైపు వనమూలికలకు ప్రసిద్ధమైన రామగిరి ఖిల్లా, నడుమ నేలబొగ్గు గనులు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ‘సెంటినరీ’ అంటే శతజయంతి. నూరేళ్ళ గనుల చరిత్ర ఆ పేరులోనే వినిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు కర్బనం అనే పదార్థం రసాయనశాస్త్ర పుస్తకం కంటె ముందే పరిచయం. తండ్రి పనిబట్టలకు అంటిన నలుపులో వారు దానిని చూచే ఉంటారు.

ఆ కర్బనానికే మరొక రూపం గ్రాఫైటు. పెన్సిలులో మనకు కనిపించే నల్లని పదార్థం ఇదే. ఇందులో కర్బన పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క పొర లోపలి బంధం మిక్కిలి దృఢమైనది. పొరకూ పొరకూ నడుమ ఉన్న బంధం బలహీనమైనది. అందుచేతనే పేకముక్కల దొంతరవలె పొరలు జారి, కాగితం మీద గీత పడుతుంది. పరిశ్రమలలో వాడే కృత్రిమ గ్రాఫైటుకూ బొగ్గుకూ దగ్గరి చుట్టరికం ఉన్నది. కోకు పొయ్యిలలో బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు తారు వెలువడుతుంది. ఆ తారు నుండి తీసిన పిచ్‌ను పెట్రోలియం కోకు పొడితో కలిపి, అచ్చుపోసి, కాల్చి, చివరకు 2,500 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఉంచితే గ్రాఫైటు దిమ్మె తయారవుతుంది. ఉక్కు కరిగించే విద్యుత్ కొలిమిలోని ఎలక్ట్రోడు, లోహాలు పోతపోసే అచ్చు, మోటారులోని బ్రష్షు వంటి వస్తువులెన్నో ఈ పదార్థంతోనే చేస్తారు.

దిమ్మె వస్తువుగా మారాలంటే ముందు దానిని కోయాలి. ఆ పనికి తగిన సాధనాలలో బ్యాండ్‌సా ఒకటి. రెండు చక్రాల మీద బిగించిన ఉక్కుపట్టీ, దాని ఒక అంచున పళ్ళు – ఇదే దాని నిర్మాణం. కలప కోత మిల్లులో ఇటువంటి యంత్రాన్ని చూడని వారు అరుదు. నిజానికి గ్రాఫైటును కలపవలెనే కోయవచ్చు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఎన్రికో ఫెర్మి బృందం 1942 డిసెంబరు 2న మొట్టమొదటి అణు రియాక్టరును నడిపినప్పుడు, అందులో సుమారు 45,000 గ్రాఫైటు ఇటుకలు పేర్చారు. వాటిని చెక్కినవి వడ్రంగిపని యంత్రాలే. ఆ పని చేసిన వారి ముఖాలు గని కార్మికుల ముఖాలవలె నల్లబడ్డాయి. నల్లని పొడి పరచుకొని నేల కాలు జారేటట్లు తయారైంది.

‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అని సామెత. కాగితం మీద అరిగిపోయే రాయికి ఇంత జాగ్రత్త ఎందుకని కొత్తగా పనిలో చేరినవాడు అనుకోవడం సహజం. అతడిని ఆ మెత్తదనమే మూడు విధాల మోసగిస్తుంది.

మొదటి మోసం రంపానిది. గ్రాఫైటు మెత్తనిదే అయినా, ఆకురాయివలె పళ్ళను అరగదీస్తుంది. సాధారణ ఉక్కు పళ్ళు త్వరలోనే మొండిబారుతాయి. కనుక కార్బైడు మొనలున్న పట్టీ గాని, వజ్రపురజను అద్దిన పట్టీ గాని మేలు. పళ్ళున్న పట్టీ అయితే, వాటి నడుమ పొడి ఇరుక్కోకుండా పళ్ళు ఎడంగా ఉండాలి. దిమ్మెను గట్టిగా నెట్టవలసి వస్తున్నదంటే పట్టీ మొండిబారిందని గ్రహించి మార్చుకోవాలి గాని, బలం పెంచరాదు.

రెండవ మోసం చివరి క్షణానిది. గ్రాఫైటు వంగదు, పగులుతుంది. కోత ముగిసే చోట అంచు పెళ్ళలుగా ఊడిపోతుంది. అందుకని దిమ్మెను కదలకుండా బిగించాలి, వెనుకవైపున చెక్కను ఆనించాలి, ముగింపు దగ్గరపడుతున్నప్పుడు వేగం తగ్గించాలి. చేతివేళ్ళకు ప్రమాదం కలిగేది కూడా ఆ క్షణంలోనే. కాపుతొడుగును దిమ్మెకు కొంచెం పైవరకు దించి ఉంచాలి. చివరి భాగాన్ని చేతితో గాక కర్రతో నెట్టాలి. పట్టీ తిరుగుతుండగా చేతి తొడుగులు పనికిరావు. అవి పళ్ళకు చిక్కితే చేతినే లాగివేస్తాయి. వదులైన చొక్కాచేతులకు, కండువాకు, చున్నీకి కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

మూడవ మోసం ధూళిది. ఇది అన్నింటికంటె పెద్దది. గ్రాఫైటు సూక్ష్మరంధ్రాలు గలది గనుక నీటినీ నూనెనూ పీల్చుకుంటుంది. కాబట్టి దానిని సాధారణంగా పొడిగానే కోస్తారు. అప్పుడు లేచే మెత్తని పొడిని కోత జరిగే చోటనే గొట్టంతో పీల్చివేయాలి. పీడనగాలితో ఊదితే అది గది అంతా వ్యాపిస్తుంది. గ్రాఫైటు విద్యుద్వాహకం కాబట్టి, ఆ పొడి స్విచ్చుపెట్టెలో చేరితే షార్ట్ సర్క్యూట్ జరుగుతుంది. ఊపిరితిత్తులలో చేరితే, ఏళ్ళు గడిచిన తరువాత గాని ఆ హాని బయటపడదు. ధూళి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే న్యుమోకోనియోసిస్ బొగ్గుగని కార్మికులనూ గ్రాఫైటు పనివారినీ బాధించే వ్యాధి.

బొగ్గుధూళి మండుతుంది, పేలుతుంది. ఆ భయంతోనే గనిలో సున్నపురాతి పొడిని చల్లుతారు. గ్రాఫైటు ధూళి అంత సులభంగా అంటుకోదు, వాసనైనా రాదు. భయపెట్టనిదానికి మనిషి భయపడడు గదా! కనుక హెచ్చరిక బయటినుండి రాదు. పనిచేసేవాడి అలవాటులోనే ఉండాలి. ముక్కునూ నోటినీ బిగుతుగా కప్పే రెస్పిరేటరు, కళ్ళద్దాలు, పని ముగిశాక విద్యుత్తు ఆపి వాక్యూమ్‌తో యంత్రాన్ని శుభ్రపరచడం, అన్నం ముందు కూర్చునే లోపల చేతులు కడుక్కోవడం – ఇవన్నీ చిన్న పనులే. అయితే ఏ ఒక్కటి తప్పినా నష్టం ఆనాడు కనిపించదు. అందుకే అవి తప్పిపోతుంటాయి.

ఈ క్రమశిక్షణ బొగ్గు ప్రాంతానికి కొత్తది కాదు. కార్మికులు పనిలోకి దిగక ముందే సర్దార్ విషవాయువు ఉన్నదేమో పరీక్షిస్తాడు; గనికప్పును కర్రతో తట్టి దాని ధ్వని వింటాడు. నిన్న కూలని కప్పు నేడూ కూలదని అతడు నమ్మడు. సెంటినరీ కాలనీలో పెరిగి, ఐ.టి.ఐ. చదివి, రేపు ఏదో పట్టణంలో గ్రాఫైటు కోసే యంత్రం ముందు నిలిచే యువకుడికి పెద్దల నుండి దక్కవలసిన ఆస్తి ఇదే. గనిలో పనిచేసిన తండ్రి రాత్రివేళ దగ్గుతుంటే విన్న ఇంట్లో ధూళి అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దగ్గు మరొక తరానికి సంక్రమించకుండా చూడడం, రంపం మీట నొక్కక ముందు ముఖానికి రెస్పిరేటరు బిగించుకోవడంతో మొదలవుతుంది.