సైకిలు సంఘము – నాయకత్వపు టుబలాటము

మన దేశమున సంఘమును పెట్టుట సులభము, నిలుపుట కష్టము. పదుగురు కూడిన నాడు పేరు పుట్టును. రెండవనాడు నియమావళి పుట్టును. మూడవనాడు పదవులు పుట్టును. నాలుగవనాడు పదవులకై కలహము పుట్టును. ఐదవనాడు పని యెవరిదని యడిగినచో ఒకరి మొగ మొకరు చూచుకొందురు. భజన సమాజముల నుండి గృహనిర్మాణ సహకార సంఘముల వరకు ఈ జాడ్యము సోకని సంస్థ మన కరుదుగా కనబడును. ఇప్పుడిది సైకిలు సంఘములకును వచ్చినది. సైకిలు తొక్కుటకు సంఘమేల, ఆ సంఘమునకు నాయకుడేల యని చదువరులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందొకమారు మాతో ఖాజాగూడ వైపు రండు.

హైదరాబాదునకు పడమట గచ్చిబౌలికిని, రాయదుర్గమునకును, నానక్‌రామ్‌గూడకును నడుమ నీ ఖాజాగూడ యున్నది. ఇచ్చటి గండశిలలు ఇన్నూటయేబది కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎవరో పేర్చిపెట్టినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన బండలు, ఆ గుట్టలలో నొక దర్గా, దిగువను చెరువు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన పిదప ఈ చుట్టుప్రక్కల నేల యంతయు అద్దాల మేడలతో నిండిపోయినది. పగటివేళ నీ రహదారులపై కాలినడకను దాటుటయే సాహసకార్యము. కాని ఆదివారము తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు చూడుడు. ఎఱ్ఱని వెనుక దీపములు మినుకుమినుకు మనుచుండగా ఇరువదేసి ముప్పదేసి సైకిళ్లు బారులు తీరి పోవుచుండును. కంప్యూటరు కొలువుల యువకులు, వైద్యులు, ఉపాధ్యాయినులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు అందులో నుందురు. కొందరు గండిపేట చెరువు వరకు పోవుదురు. కొందరు చిలుకూరు స్వామిని దర్శించి వత్తురు. 2023 అక్టోబరు 1వ తేదీన వెలుపలి వలయ రహదారి ప్రక్కను సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాట తెరువబడినది మొదలు, కార్ల భయము లేక తొక్కదలచినవారు నానక్‌రామ్‌గూడ వద్దనో నార్సింగి వద్దనో ఆ బాట నెక్కుదురు.

ఇన్ని సైకిళ్లు తమంతట తాము బారు తీరవు. 2007లో హైదరాబాదు బైసైక్లింగ్ క్లబ్బు మొదలైనది. తరువాత పేటపేటకు చిన్నవి పెద్దవి సంఘములు పుట్టినవి. వీని పని యంతయు జీతము లేని స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగా జరుగుచున్నది. ఏడాది తిరుగునప్పటికి ఇట్టి సంఘములలో "నాయకత్వము వహింపగోరువారు పేర్లిండు" అని ప్రకటన వెలువడును. అటుపిమ్మట వినోదము చూడవలెను.

అభ్యర్థులు మూడు తెగలవారు. మొదటివారు కిలోమీటర్ల కోటీశ్వరులు. ఏడాదిలో తామెన్ని వేల కిలోమీటర్లు తొక్కిరో, ఏ కొండ నెంత కాలములో నెక్కిరో వారి నివేదనలో అంకెలతో నుండును. బాగున్నది, కాని కాళ్ల బలమునకును కార్యభారమునకును సంబంధ మేమి? వేగముగా చదువువా డెల్ల మంచి యుపాధ్యాయు డగునా? రెండవవారు వాహన వైభవము కలవారు. వారి సైకిలు వెల చెప్పినచో మన యిండ్లలో నొక పెండ్లి ఖర్చు జ్ఞప్తికి వచ్చును. మూడవవారు ఛాయాచిత్రములవారు. సంఘపు చొక్కా తొడిగి, జెండా యూపుచున్న మంత్రిగారి ప్రక్కను వారు తప్పక కనబడుదురు. గొలుసు తెగిన సైకిలు ప్రక్కను మాత్రము కనబడరు.

అసలు నాయకుడు చేయవలసిన పని యేమి? ముందునాడే దారిని చూచివచ్చి, ఎచ్చట గుంటలు పడెనో, ఎచ్చట మార్గము త్రవ్వినారో తెలిసికొనవలెను. బయలుదేరునప్పుడు తలలు లెక్కింపవలెను. తిరిగి వచ్చిన తరువాత మరల లెక్కింపవలెను. హెల్మెట్టు లేనివాడు ప్రాణస్నేహితు డైనను వెనుకకు పంపవలెను. వాన పొంచియున్న నాడు "నేడు ప్రయాణము లేదు" అని చెప్పి నలుగురి చేత తిట్లు తినవలెను. సభ్యరుసుము లెక్క పైసలతో సహా వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, గుంపు తోకను ఒకనిని నియమింపవలెను. ఈ తోకనుండువానిని సైకిలు సంఘములవారు 'స్వీపు' అందురు. అతని ధర్మ మొక్కటియే: అందరికంటె మెల్లగా తొక్కువానికంటె మెల్లగా తొక్కుట. ఎవరి ట్యూబు పంచరైనను, ఎవరి మోకాలు పట్టినను వానితో నాగుట. అతనికి గండిపేటలో వేడి యిడ్లీ దొరకదు. దొరకునప్పటికి చల్లారి యుండును.

మాకు తెలిసిన యొక సంఘమున కొంతకాలము క్రిందట నొక సంగతి జరిగినది. సంఘము పేరేల? ఒక యుద్యోగిని, ఇద్దరు బిడ్డల తల్లి, నలుబదియవ యేట సైకిలు నేర్చుకొని తొలిసారి గుంపుతో బయలుదేరినది. నార్సింగి దాటిన తరువాత వెనుక చక్రమున గాలి పోయినది. ఆనాటి కెప్టెనుగారు వేగమున కెంతయు పేరువడ్డవారు; ఆయన వెనుదిరిగి చూడలేదు. చీకటి యింకను పూర్తిగా విడలేదు. లారీలు పోవుచున్నవి. అట్టి సమయమున, ఏ పదవియు లేని యొక యువకుడు ఆగినాడు. టైరు విప్పి, క్రొత్త ట్యూబు వేసి, చేతిపంపుతో గాలి కొట్టి, ఆమెను ఇంటి వీధి మొగవరకు దిగబెట్టి పోయినాడు. ఇంతలోనే గండిపేట గట్టుపై తీసిన ఛాయాచిత్రము, "అందరము క్షేమముగా చేరితిమి" అను వాక్యముతో సభ్యులందరి ఫోన్లకును చేరినది. ఆ 'అందరిలో' ఆమె లేదన్న సంగతి యెవరికిని తోచలేదు.

ఆ యేటి ఎన్నికలో కెప్టెనుగారు కార్యదర్శి పదవికి పేరిచ్చిరి. యువకుడు ఇయ్యలేదు. ఏల యియ్యలేదని మేమడుగగా నతడు నవ్వి, "నాకెందుకండీ పదవి? ముందున్నవారికి వెనుక కనబడదు. వెనుకనున్నవానికి అందరూ కనబడతారు. నాకిక్కడే బాగుంది" అన్నాడు. మాట ముచ్చటగా నున్నది. విన్నవారు మెచ్చుకొనిరి. మేము మాత్రము మెచ్చుకొనజాలము. అందరును కనబడువాడే కదా నాయకత్వమునకు తగినవాడు! తగినవాడు వినయముచే తప్పుకొనినచో ఆ పీఠము ఖాళీగా నుండదు. తగనివాడు వచ్చి కూర్చుండును. పదవిని కోరుట పాపమని మనవారికి చిన్ననాటి నుండి నేర్పినారు. అందుచేత పాపభీతి కలవారు కోరరు, లేనివారు కోరుచున్నారు. మన సంఘముల దుర్గతికి సగము కారణ మిదియే. పని చేయువాడు పదవి నడుగుట గర్వము కాదు. తన పని నిలుచుటకు వలసిన యధికారము నడుగుటయే.

ముందు వెనుకల విషయమున సైకిలు లోకమే మనకొక మంచి పాఠము చెప్పుచున్నది. ఫ్రాన్సు దేశమున పుట్టిన బ్రెవే యను దూరప్రయాణ పద్ధతి హైదరాబాదునను కొన్నియేండ్లుగా నడచుచున్నది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో, 300 కిలోమీటర్లను ఇరువది గంటలలో, 600 కిలోమీటర్లను నలుబది గంటలలో ముగింపవలెను. నడుమ తనిఖీ స్థానములలో స్వచ్ఛంద సేవకులు రాత్రియంతయు మేలుకొని సభ్యుల చీటీలపై ముద్రలు వేయుచుందురు. ఇది పందెము కాదు. మొదట వచ్చినవానికి బహుమతి లేదు. గడువులోగా చివర వచ్చినవానికి అవమానము లేదు. ఇరువురకును ఒకే గౌరవము. ఇంతటి సమత్వము గల క్రీడను నడుపు సంఘములలో పదవుల దగ్గరకు వచ్చునప్పటికి మొదలు తుది భేదమేల?

పూర్వచరిత్రయు నిట్లే చెప్పుచున్నది. 1878లో ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘ మొకటి పుట్టినది. దాని పెద్దలు చేసిన తొలి పనులలో నొకటి, నిటారు దిగుడుల నెత్తిన "జాగ్రత్త" యను బోర్డులు పాతించుట. వెనుక వచ్చు తెలియని వాని మెడ విరుగకుండ చూచుటయే వారికి నాయకత్వముగా తోచినది. 1898లో ఆ సంఘ సభ్యురాలగు లేడీ హార్బర్టన్, నేలబారు గౌనునకు మారుగా సైకిలు తొక్కుట కనువైన షరాయి తొడిగి యొక హోటలునకు పోగా, ఆమెను కాఫీగదిలోనికి రానియ్యలేదు. ఆ మరుసటి యేట సంఘమే హోటలువారిపై నభియోగము నడపినది. వ్యాజ్యము ఓడిపోయినది. అయినను ఒక సభ్యురాలి గౌరవమునకై సంఘము తన ధనమును వెచ్చించి న్యాయస్థానమున నిలిచినది. నాయకుల గొప్పతనము గెలుపులోనే యున్నదని తలచువారికి ఈ ఓటమి చెప్పదగినది.

స్త్రీల మాట వచ్చినది కనుక గృహస్థులతో నొక్క మాట. పైని చెప్పిన యుద్యోగిని కొంతకాలమునకు కార్యవర్గమునకు పేరిచ్చినది. అప్పుడొక పెద్దమనిషి మిక్కిలి మర్యాదతో, "అమ్మా, తెల్లవారుజామున నాలుగింటికి మీరు బయలుదేరితే ఇంట్లో పిల్లల సంగతి ఎవరు చూస్తారు?" అని యడిగెను. ఆ సభలోనే పిల్లలు గల తండ్రులు డజనుమంది యుండిరి. వారినెవ్వరును ఆ ప్రశ్న యడుగలేదు. కెప్టెనుగారు ఆదివారము గండిపేట గట్టుపై నాయకత్వము వహించుచున్నపు డింటిలో పాలు కాచుచున్న దెవరు? పిల్లవానికి జ్వరము చూచుచున్న దెవరు? ఒకరి నాయకత్వము వెనుక మరియొకరి నిద్రలేమి దాగియున్నది. ఆ సేవకు ఏ సంఘమును పతక మియ్యలేదు. నెలలో రెండాదివారములు మగవాడు పొయ్యి దగ్గర నిలిచి భార్యను సైకిలెక్కించి పంపినచో, సంఘమునకును సంసారమునకును మేలు.

స్త్రీలు నాయకత్వము వహింపలేరనువారు పొరుగు తమిళ దేశము వైపు చూడవలెను. 1991 ప్రాంతమున పుదుక్కోట్టై జిల్లాలో అఱివొళి యను అక్షరాస్యతోద్యమమున వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చినారు. వ్యవసాయ కూలీలు, రాతిగనుల పనివారు, పల్లె నర్సులు. నిన్న నేర్చినది నేడు మరియొకతెకు నేర్పినది. నేర్పుటకు జీతము లేదు, బిరుదు లేదు. బావి దగ్గరకు నీళ్లకును, సంతకు సరుకుతోను ఒకరిపై నాధారపడక పోగలుగుటయే వారికి ప్రతిఫలము. అచ్చట నాయకురాలెవరని యడిగినచో వెనుక సీటు పట్టుకొని పరుగెత్తుచున్న ప్రతి స్త్రీని చూపవలెను.

ఖాజాగూడకు తిరిగి వత్తము. సంఘపు బారు పోవుచున్న యా దారినే, ఆ వేళనే, రాత్రి కాపలా ముగించుకొని పాత సైకిలుపై నింటికి పోవు కావలివాడుండును. పాలపొట్లములు వేయువాడుండును. వీరి సైకిళ్లకు వెనుక దీపము లేదు. తలకు రక్షణ లేదు. ఏడాదిలో మూడువందల దినములు తొక్కువారు వీరు. ఏబది ఆదివారములు తొక్కువారము సైకిలుదారులమని మనకు పేరు! రహదారిపై నపాయము రెండు తెగలకు నొక్కటియే. బాట కావలెనని, బాటపై కార్లు నిలుపరాదని అధికారుల నడుగునపుడు ఈ మూగవారి తరపునను అడుగువాడే నాయకుడు. ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క వెనుక దీపమును కొని యొక కావలివాని సైకిలునకు బిగించినచో ఎన్నికల ప్రసంగములన్నిటికంటె నెక్కువ వెలుగు కలుగును.

"ఉచితముగా పని చేయువారినే ఇన్ని పరీక్షలు పెట్టినచో ఎవరు ముందుకు వత్తురు?" అని కొందరనవచ్చును. ఉచితమన్నంత మాత్రమున పూచీ తప్పదు. ఉచితముగా పడవ నడుపువాడు నడియేట తెడ్డు వదలవచ్చునా? సభ్యులు వాని చేతిలో పెట్టునది రూకలు కాదు, ప్రాణములు. తెలంగాణమున నమలులోనున్న 2001 నాటి సంఘముల చట్టము ప్రకారము ఏడుగురు కూడి సంఘమును రిజిస్టరు చేసికొనవచ్చును. సర్వసభ్య సమావేశము జరుపవలె ననియు, లెక్కలుంచవలె ననియు ఆ చట్టమే చెప్పును. కాని ప్రక్కవానికై ఆగవలె నని యే చట్టమును చెప్పజాలదు. అది సంఘము తానే వ్రాసికొనవలసిన నియమము.

కావున మా సూచనలు కొన్ని. నాయకత్వము కోరు ప్రతివాడును మూడు నెలలు స్వీపుగా పని చేయవలెను. అతడు వెంటనుండి యిల్లు చేర్చినవారే అతని యోగ్యతాపత్రముపై సంతకము చేయవలెను. ఒకే పదవిలో రెండేండ్లకు మించి యుండరాదు. దిగిపోవునపుడు తన పనిని మరియొకరికి నేర్పి దిగవలెను. కార్యవర్గమున స్త్రీలుండవలెను, వారి వీలు ననుసరించి కొన్ని ప్రయాణములు సాయంకాలము పెట్టవలెను. లెక్కలు అడుగక ముందే చదివి వినిపింపవలెను. "అందరము చేరితిమి" అను మాట తలలు లెక్కించిన తరువాతనే వ్రాయవలెను.

పదవులకై పేర్లిచ్చువారిని చూచి మేము విచారింపము. పేర్లియ్యని యోగ్యులను చూచి విచారింతుము. వెనుకనుండి అందరిని చూచుచున్న యో యువకుడా! వచ్చు ఎన్నికలో నీ పేరిమ్ము. అమ్మా, పంచరైన చక్రముతో చీకటిలో నిలిచినదానవు, ఆ భయమెట్టిదో నీకు తెలియును. నీ పేరును వెనుకకు తీసికొనకుము. చదువరులారా, మీ వీధిలో నెట్టి సంఘమున్నను, అది సైకిళ్లదే కానిండు, పుస్తకములదే కానిండు, వోటు వేయుటకు ముందు అభ్యర్థి నొక్క ప్రశ్న యడుగుడు: "అయ్యా, నీవు చివరిసారి ఎవరికొరకు ఆగితివి?"